తమ్ముడూ, పిల్లల గ్రూపు పెట్టే ముందు ఇది చదువు

తమ్ముడూ,

మీ హైస్కూల్లో పిల్లలకి పిల్లలే తోడుగా ఉండేలా ఒక గ్రూపు పెడతానని, హెచ్ఎం గారు కూడా సరే అన్నారని రాశావు. పెట్టు. బ్యానర్లు, బ్యాడ్జీలు, ఎంఈఓ గారితో ప్రారంభోత్సవం, వీటి జోలికి మాత్రం ఇప్పుడే పోకు. ఆ పిల్లల్ని మనం కౌన్సెలర్లని చేయట్లేదు. పక్కవాడు చెప్పేది వినాలి, తమ వల్ల కానిది పెద్దవాళ్ల దాకా తేవాలి, వాళ్ల పని అంతే.

పిల్లల్ని ఎంచుకోవడం దగ్గరే మనవాళ్లు చాలామంది తప్పులో కాలేస్తారు. క్లాస్ లీడర్ని, ఫస్ట్ ర్యాంకు అమ్మాయిని, స్టేజీ మీద గడగడా మాట్లాడేవాణ్ణి పిలుస్తారు. లెక్కల్లో ఫెయిలైనవాడు ఫస్ట్ ర్యాంకు దగ్గరికి వెళ్లి ఏడుస్తాడా చెప్పు! ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో తలా ఒక చీటీ ఇచ్చి, ఇంట్లో గొడవైతే మన క్లాసులో ఎవరితో చెప్పుకోబుద్ధేస్తుంది అని అడుగు, రాసినవాళ్ల పేరు అక్కర్లేదని చెప్పు. మళ్లీ మళ్లీ వచ్చే పేర్లు చూస్తే నువ్వే ఆశ్చర్యపోతావు, మార్కుల రిజిస్టరులో నీ కంటికి ఎప్పుడూ ఆనని పిల్లలు ఉంటారు అందులో. పదో తరగతివాళ్లని వదిలెయ్, పొద్దునా సాయంత్రం స్పెషల్ క్లాసులతో వాళ్ల టెన్షనే వాళ్లకి చాలు. ఆడపిల్లల వైపు ఒక మేడమ్ తప్పకుండా ఉండాలి, బస్సులో ఎవడో చెయ్యి వేశాడన్న సంగతి నీకు చెప్పడం వాళ్లకి కష్టం.

అన్నట్టు, 2020లో కేంద్రం మొదలుపెట్టిన స్కూల్ హెల్త్ ప్రోగ్రాంలో ప్రతి స్కూలుకీ ఇద్దరు టీచర్లు, వీలైతే ఒక సారు ఒక మేడమ్, హెల్త్ అండ్ వెల్‌నెస్ అంబాసిడర్లుగా ఉండాలని పెట్టారు. మీ దగ్గర ఎవరైనా ఆ ట్రైనింగుకి వెళ్లొచ్చి ఉంటే వాళ్లని కలుపుకో, వేరు కుంపటి పెట్టకు.

మొదట కొన్నాళ్లు వినడం ఒక్కటే నేర్పు. ఇద్దరిద్దర్ని కూర్చోబెట్టి, ఒకరు ఐదు నిమిషాలు మాట్లాడితే రెండోవాళ్లు సలహా ఇవ్వకుండా, మధ్యలో "నాకూ ఇట్లనే అయింది" అనకుండా వినాలి. చూడ్డానికి తేలికే గానీ మన స్టాఫ్ రూంలో ఒక్కరి వల్ల కాదు ఆ పని.

అన్నిటికన్నా ముఖ్యం రహస్యం సంగతి. పిల్లలు మాట మీద నిలబడతారు, "ఎవరికీ చెప్పనని ఒట్టు" అంటే నిజంగానే చెప్పరు, ప్రమాదం అక్కడే ఉంది. అందుకని ఆ ఒట్టే వేయనివ్వకు. మామూలు సంగతులు, ఫోను కోసం నాన్న కొట్టాడనో, ఫ్రెండు మాట్లాడట్లేదనో, ఆ ఇద్దరి మధ్యే ఉండొచ్చు. చచ్చిపోవాలనుందని అన్నా, ఒంటి మీద ఎవరైనా చెయ్యి వేశారన్నా, పెళ్లి చేసేస్తున్నారన్నా, ఇంట్లో ఒళ్లు వాచేలా కొడుతున్నారన్నా అదే రోజు నీకు చెప్పి తీరాలి. ఈ సంగతి వినేవాళ్లకే కాదు, చెప్పుకునేవాళ్లకీ ముందే తెలియాలి, లేకపోతే నమ్మించి మోసం చేశారనుకుంటారు.

నీ దాకా వచ్చాక నువ్వూ దాచకూడదు. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిసి పోలీసులకి చెప్పకపోవడం 2012 పోక్సో చట్టం కింద నేరం, పిల్లలకి ఆ శిక్ష వర్తించదు, నీకూ మీ హెచ్ఎంకీ వర్తిస్తుంది. "స్కూలు పరువు పోతుంది, ఊళ్లో మాట్లాడి సర్దేద్దాం" అనేవాళ్లు వస్తారు, వినకు. బాల్యవివాహమైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్. చావు మాట వచ్చిన పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని నేరుగా అడుగు. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు, అదేం లేదు, ఒకరు అడిగారని ఊపిరి పీల్చుకుంటారు. ఒంటరిగా ఇంటికి పంపకు. టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416కి ఏ వేళప్పుడైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

వారానికొకసారి గ్రూపు పిల్లలతో నువ్వు కూర్చోవాలి, వాళ్లు విన్న బరువు వాళ్ల మీదే ఉండిపోకూడదు కదా. సాయంత్రం బెల్లు కొట్టాక పెడితే బస్సు పిల్లలు ఉండరు, మధ్యాహ్న భోజనం అయ్యాక చెట్టు కింద పెట్టు. రిజిస్టరులో పేర్లు రాయకు. ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టడం అసలే వద్దు.

ఇంకొకటి, చాలామందికి తట్టదు. రిజల్ట్స్ వచ్చేది బడి మూసి ఉన్నప్పుడు. 2019లో తెలంగాణలో ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు, అప్పుడు నువ్వు డిగ్రీలో ఉన్నావేమో, గుర్తుండే ఉంటుంది. అందుకే పదో తరగతి పరీక్షలు అయిపోకముందే ఎవరింటికి దగ్గర్లో ఎవరున్నారో చూసి పెట్టుకో. తప్పుతారేమో అనుకున్న పిల్లల తల్లిదండ్రులతో ముందే మాట్లాడి, సప్లిమెంటరీ ఉంటుందని, ఆ రోజు తిట్టొద్దని, పిల్లాణ్ణి ఒక్కణ్ణే వదిలి పొలానికి వెళ్లొద్దని చెప్పు. రిజల్ట్ రోజు ఏ ఊరికీ ప్రయాణం పెట్టుకోకు, ఫోన్ సైలెంట్‌లో పెట్టకు. పాసైనవాళ్లు ఎలాగూ వాళ్లే చేస్తారు. చేయనివాళ్లకి నువ్వు చెయ్.