కంపెనీ చేతులు మారిందని నువ్వు చేతులు కాల్చుకోకు

కాజీపేట,
జూలై 2008

చిరంజీవి రవికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ అల్లుడు బొమ్మ బస్సుల కోసం లక్షా ఇరవై వేలు పెడతాడట, అదీ క్రెడిట్ కార్డు మీద. ఈ పిచ్చి పట్టించింది నువ్వే" అని నన్నే తిట్టింది. ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. భయం సగం, సంతోషం సగం. మా రైల్వే క్వార్టర్లో షోకేసు ముందు మోకాళ్ల మీద కూర్చుని, కార్లు బోర్లించి, అడుగున ఉన్న ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివిన పిల్లోడివి నువ్వు. బొమ్మ బండ్ల కంపెనీ కోర్గీని రైలు బొమ్మల కంపెనీ హార్న్‌బీ కొన్న సంగతి ఈసారి నాకంటే ముందే నీకు తెలిసింది. ఆ మాట మీ అత్తకు రెండుసార్లు చెప్పుకున్నాను.

ఇక తిట్టాల్సింది తిడతాను. అప్పు చేసి బొమ్మ కొనకు. నీ ఉద్యోగానికి ఇంకా ఏడాది నిండలేదు. "కంపెనీ మారింది, ఈ సరుకు ఇక రాదు, ఆరు నెలల్లో ధర రెండింతలు" అని చెప్పే దుకాణదారు, నిజంగా రెండింతలు అవుతుందనుకుంటే నలభై పెట్టెలూ తనే దాచుకోడా? నీకెందుకు అమ్ముతాడు?

కోర్గీ చేతులు మారడం ఇదే మొదటిసారి కాదు బిడ్డా. 1956లో వేల్స్‌లోని స్వాన్సీలో మెట్టాయ్ వాళ్లు మొదలుపెట్టారు. 1983లో మెట్టాయ్ దివాలా తీసింది. 1989లో అమెరికా బొమ్మల కంపెనీ మాటెల్ కొన్నది. 1995లో లోపలి మేనేజర్లే డబ్బు కూడగట్టుకుని దాన్ని బయటికి తెచ్చుకున్నారు. 1999లో హాంకాంగ్ వాళ్ల జిండార్ట్ చేతికి పోయింది. ఇప్పుడు హార్న్‌బీ. ప్రతిసారీ "అయిపోయింది" అని ఏడ్చినవాళ్లు ఉన్నారు, ప్రతిసారీ బండ్లు వచ్చాయి.

కంపెనీ మారినప్పుడు పేరు ఎవరికి పోయిందని చూడకు, డైలు, అంటే అచ్చులు, ఎవరికి పోయాయో చూడు. కరిగిన జింకు లోహాన్ని ఆ ఉక్కు అచ్చులోకి కొడితేనే బండి పుడుతుంది. డై ఎక్కడుంటే బండి అక్కడ. 1995లో కోర్గీ మాటెల్ నుంచి బయటికి వచ్చినప్పుడు దాని చిన్న సైజు కార్లు మాత్రం మాటెల్ దగ్గరే ఆగిపోయాయి. తర్వాత వాటిలో కొన్ని హాట్ వీల్స్ పేరుతో వచ్చాయి. 1960ల చివర్లో డింకీ అనే ఇంకో బొమ్మ కార్ల రకం పాత డైలు కొన్ని మన కలకత్తాకే వచ్చాయి. అదే బండి అడుగున నిక్కీ అనే పేరుతో తయారైంది. నా అలమారలో ఒకటుంది, వచ్చినప్పుడు చూడు.

నువ్వు కొనాలనుకుంటున్న బస్సుల స్కేలు ఎంత? 1:76, అంటే అసలు బస్సులో డెబ్బై ఆరో వంతు. హార్న్‌బీ రైళ్లది కూడా అదే. రైలు బొమ్మల కంపెనీకి తన స్టేషన్ బయట నిలబెట్టే బస్సు దొరికింది, దాన్ని ఎందుకు ఆపుతుంది? డింకీ కార్లు అసలు పుట్టిందే హార్న్‌బీ రైళ్ల పక్కన పెట్టుకోవడానికి. ముప్పై ఏళ్లు లోకో షెడ్‌లో చేసినవాణ్ణి, రైలు వాళ్ల బుద్ధి నాకు తెలుసు. ఆ బస్సులు వస్తాయి. నాకైతే అనుమానం లేదు.

ఇక ఇప్పటిదాకా నీకు చెప్పని సంగతి.

1997లో స్టేషన్ బుక్ స్టాల్ దగ్గర ఇంగ్లీషు పేపర్లో చదివాను, టైకో అనే బొమ్మల కంపెనీని మాటెల్ కొన్నదని. మ్యాచ్‌బాక్స్ కార్ల పేరు అప్పుడు టైకోది. హాట్ వీల్స్ మాటెల్‌ది. పోటీ పడే రెండింటినీ ఒకే ఇంట్లో ఎవరు పోషిస్తారు, మ్యాచ్‌బాక్స్‌ను చంపేస్తారు అనుకున్నాను. 1982లో మ్యాచ్‌బాక్స్‌ను మొదట చేసిన లెస్నీ దివాలా తీసి హాంకాంగ్ యూనివర్సల్‌కు పోయినప్పుడు నా దగ్గర పైసల్లేవు, ఏమీ కొనలేకపోయాను. ఆ బాధ మనసులో ఉండిపోయింది. ఈసారి వదలకూడదు అని పట్టుకుంది.

ఇంటి స్లాబు కోసం మీ అత్త నెలనెలా కడుతున్న చిట్టి ఉండేది, ముప్పై వేలది. ఆమెకు చెప్పకుండా ఆరు వేలు తగ్గించి పాట పాడి ఎత్తుకున్నాను. సికింద్రాబాద్‌లో ఒక దుకాణంలో మూడు కార్టన్లు కొన్నాను, మూడు వందల పైచిలుకు కార్లు. ప్యాసింజర్ బండిలో వాటి మీద చెయ్యి వేసుకుని వచ్చాను. ఇంటికొచ్చి మంచం కింద తోశాను.

మీ అత్తకు మూడో రోజు తెలిసింది. ఆమె అరవలేదు. "స్లాబు?" అని ఒక్క మాట అడిగింది. ఆ ఏడాదీ, మరుసటేడూ వానాకాలం వంటింటి రేకుల మీద పాలిథిన్ పట్ట కప్పుకుని వండింది. ఈ రోజుకీ వాన మొదలైతే నేను ముందు పైకి చూస్తాను.

ఎత్తుకున్న చిట్టికి వాయిదాలు కట్టాలి కదా. జీతం సరిపోలేదు. కార్టన్లు అమ్ముదామంటే కొనేవాడు లేడు, ఎందుకంటే అవే కార్లు, అదే పేరుతో, దుకాణాల్లో ఇంకా వేలాడుతున్నాయి. చివరికి అడిగేవాళ్లున్నది పాత లెస్నీ కార్లను. మా చిన్నాయన బీవండి పవర్‌లూముల్లో పనిచేసేవాడు. పండగకు వచ్చినప్పుడల్లా బొంబాయి చోర్ బజార్ నుంచి ఒక్కటి జేబులో వేసుకుని తెచ్చేవాడు. అలా చేరినవి ఇరవై ఆరు. హైదరాబాద్ నుంచి ఒకాయన వచ్చి నాలుగు వేలు ఇచ్చి అన్నీ పట్టుకుపోయాడు. ఆయన తప్పేం లేదు, ధర చెప్పింది నేనే.

అందులో ఎర్ర డబుల్ డెక్కర్ బస్సు ఉంది. పక్కన బీపీ విస్కో స్టాటిక్ అని స్టిక్కర్, అడుగున మేడ్ ఇన్ ఇంగ్లండ్ బై లెస్నీ అని. నువ్వు మొదట చదివిన ఇంగ్లీషు ముక్క అదే. వేసవి సెలవులకు వచ్చి "బస్సేది మామా?" అన్నావు. రిపేరుకు ఇచ్చానన్నాను. నువ్వు నమ్మావు. పదకొండేళ్లుగా ఆ అబద్ధం నా గొంతులో ముల్లులా ఉంది.

కార్టన్ల సంగతీ విను. మూడో ఏడు చెదలు పట్టి అట్టలన్నీ తినేశాయి. అట్ట పోతే సగం విలువ పోయినట్టే. మిగిలిన కార్లు క్వార్టర్ల పిల్లలకు పంచాను. మ్యాచ్‌బాక్స్ మాత్రం ఈ రోజుకీ వస్తూనే ఉంది.

అందుకే చెబుతున్నా, జీతంలో నెలకు ఒక్క బస్సు కొనుక్కో, నీకు నిజంగా నచ్చింది. పెట్టె పారేయకు. గోడకు ఆనించి పెట్టకు, నేల మీద అసలే పెట్టకు, చెదలు. మన ఎండలకు రబ్బరు టైర్లు మెత్తబడి అట్టకు అంటుకుంటాయి, కిటికీ పక్కన ఉంచకు. రసీదులు దాచు. కొన్న ప్రతిదీ మీ అమ్మకు చూపించు. రేపు పెళ్లయితే ఆ అమ్మాయికి ధరతో సహా చెప్పు. ఇందులో ఏదైనా మరిచిపో, చివరి మాట మాత్రం మరిచిపోకు.

కార్డు మీద ఇప్పటికే అడ్వాన్స్ కట్టేసి ఉంటే దాచకు, ఫోన్ చెయ్యి. నా దగ్గర కొంత ఉంది, ఇద్దరం కలిసి తీర్చేద్దాం. తిట్టను. మీ అమ్మకు నేను చెప్పుకుంటాను.

ఆదివారం రైలు పట్టుకుని రా. మీ అత్త సర్వపిండి చేస్తానంది. మొన్న ట్రంకు పెట్టె జరిపితే దాని వెనక ఆ ఎర్ర బస్సు తాలూకు ఖాళీ అట్టపెట్టె దొరికింది. అమ్మేరోజు పడిపోయినట్టుంది. నువ్వు తిరిగే దుకాణాల్లో ఆ బస్సు ఎప్పుడైనా కనిపిస్తే, నువ్వు కొనకు, ధర అడిగి నాకు చెప్పు.

మీ మామయ్య