అమ్మేముందు ఏం చెప్పారన్నదే మీ కేసు

ప్రశ్న: మొగల్తూరు దగ్గర రెండెకరాల చెరువు కౌలుకు తీసుకుని రొయ్యలు సాగు చేస్తున్నాను. గట్ల మీద పనికి గట్టిగా ఉంటాయని హైదరాబాదులోని ఒక దుకాణం నుంచి వాట్సాప్‌లో చూసి వెస్టర్న్ తరహా తోలు బూట్లు రెండు జతలు, జత 7,400 రూపాయల చొప్పున తెప్పించాను. ఒకటి నాకు, ఒకటి చెరువు మీద ఉండే మనిషికి. ఉప్పునీటి బురదలో ఆగుతాయా అని ముందే అడిగితే, కుట్టిన సోలు, రెండేళ్లు చూసుకోనక్కర్లేదని వాయిస్ మెసేజ్ పెట్టారు. ఐదో నెలలో నా జత సోలు ఊడిపోయి, నీటిలో గాలి కలిపే ఏరియేటర్ దగ్గర జారిపడి కాలు బెణికింది. వాడకం మీదే తప్పు అన్నారు, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. ఇంట్లో పడ్డ మాటలు చెప్పుకుంటే సిగ్గు. కొని 20 నెలలు దాటింది. బిల్లు తీసుకోలేదు. తెలిసిన దుకాణంలో పాత తేదీతో రాయించుకోమని స్నేహితుడు అంటున్నాడు. ఐదు లక్షల పరిహారం వస్తుందా?
— ఒక కౌలు రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: మీ ఉత్తరంలో కేసును తేల్చేది ఆ వాయిస్ మెసేజ్ ఒక్కటే. అది లేకపోతే మీకు కేసు లేదనే చెప్పేవాడిని. ఎత్తు మడమ, పొడవాటి గొట్టం ఉన్న ఆ తరహా బూట్లు మొదట గుర్రపు స్వారీ చేసేవారి కోసం పుట్టినవి. తోలు బూట్లను ఉప్పునీటి బురదలో నానబెట్టి పాడైపోయాయనడం ఏమిటని అవతలి న్యాయవాది మొదటి వాయిదాలోనే అడుగుతాడు, ఆ మాటలో న్యాయం ఉంది కూడా. అయితే ఏ పనికి కావాలో కొనుగోలుదారు చెప్పి, అమ్మేవాడి అనుభవం మీద నమ్మకంతో కొన్నప్పుడు, ఆ పనికి సరిపోయే సరుకే ఇవ్వాలని 1930 నాటి వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. వ్యాపారి ఏ రూపంలోనైనా చెప్పుకున్న ప్రమాణానికి వస్తువు తగ్గితే అది లోపమేనని వినియోగదారుల రక్షణ చట్టం, 2019 నిర్వచిస్తోంది. అందువల్ల ఆ మెసేజ్ ఉన్నంతకాలం ‘వాడకం తప్పు’ అనే వాదన నిలవడం కష్టం.

ఇక సోలు ఊడిన చోటును వెలుతురులో చూడండి. అంచు చుట్టూ దారం కనిపిస్తుంది సరే, ఆ దారం సోలును పట్టుకుని ఉందా, లేక పైపై అలంకారంగా వేసి లోపల జిగురుతో అంటించారా? కుట్టు చూపించి జిగురు సోలు అమ్మడం ఈ వ్యాపారంలో కొత్తేమీ కాదు. మీ జతలో అదే జరిగి ఉంటే ‘కుట్టిన సోలు’ అన్న మాట అబద్ధమని ఆ బూటే సాక్ష్యం చెబుతుంది. కాబట్టి దాన్ని కుట్టించవద్దు, కడగవద్దు, అంటిన బురద గీకవద్దు. గుడ్డసంచిలో వేసి పొడిచోట ఉంచండి. అవసరమైతే మీ ఫిర్యాదు వినే జిల్లా వినియోగదారుల కమిషన్ దానికి సీలు వేయించి ప్రయోగశాలకు పంపుతుంది, ఆ ఖర్చు ముందుగా మీరే కట్టాలి. పద్నాలుగు వేల ఎనిమిది వందలు పంపి ఒక చీటీ అడగని మీ అజాగ్రత్తను మాత్రం సమర్థించలేను. అయినా యూపీఐ చెల్లింపు వివరం బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉంటుంది, కొరియర్ చీటీ దొరికితే ఇంకా మంచిది. బిల్లు ఇవ్వకపోవడాన్ని వినియోగదారుల రక్షణ చట్టమే అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది గనుక ఆ లోటు వారి తప్పు కిందికే వస్తుంది.

అలాంటప్పుడు దొంగ బిల్లు మీకెందుకు? మీ స్నేహితుడి సలహా వింటే, గెలవదగిన కేసు ఉన్న మీరు ముద్దాయిగా మారతారు. నకిలీ పత్రాన్ని అసలుదిగా వాడటం, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 340వ సెక్షన్ కింద నేరం. పైగా ఆ బిల్లు మరో దుకాణం పేరున, యూపీఐ చెల్లింపు హైదరాబాదు దుకాణం పేరున ఉంటే, కమిషన్ మీ నిజమైన వాయిస్ మెసేజ్‌ను కూడా నమ్మదు. ఆ మాట మళ్లీ ఎత్తవద్దని ఆయనకు చెప్పండి.

గడువు విషయంలో మీరు ఇప్పటికే ఆలస్యం చేశారు. వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం వివాద కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు దాఖలు కావాలి. సోలు ఊడిన రోజు నుంచి లెక్కించాలని వాదించవచ్చు గానీ, ఆ వాదన మీద బతకాలనుకోకండి; కొన్న తేదీ నుంచే లెక్క వేసుకుంటే చేతిలో నాలుగు నెలలు కూడా లేవు. ఫోన్లు చేయడం వల్ల, నోటీసులు పంపడం వల్ల ఆ గడువు ఆగదు.

రొయ్యల సాగు వ్యాపారం కాబట్టి మీరు వినియోగదారు కారని కూడా అంటారు. స్వయం ఉపాధితో జీవనం గడుపుకోవడానికి కొన్నవారికి చట్టంలోనే మినహాయింపు ఉంది. ఒకరిద్దరి సాయం తీసుకున్నంత మాత్రాన ఆ మినహాయింపు పోదని లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. మీ చెరువు మనిషి జత గురించి బెంగ అక్కరలేదు.

హైదరాబాదు తిరగనక్కరలేదు, మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే దాఖలు చేయవచ్చు. చెల్లించిన ధర ఐదు లక్షల లోపు గనుక రుసుము లేదు. ఐదు లక్షల పరిహారం మాట మరచిపోండి: బెణుకుకు చూపించుకున్న డాక్టరు చీటీ, మందుల బిల్లులు ఉంటేనే ఆ పద్దు నిలుస్తుంది. పాడైన జత ధర, వైద్య ఖర్చు, సబబైన మొత్తంలో పరిహారం, కేసు ఖర్చులు అడగండి. రెండో జత కూడా పాడైతేనే దాని ధర చేర్చండి.

ఈ వారంలోనే స్పీడ్ పోస్టులో, రిజిస్ట్రేషన్ సదుపాయంతో, అందినట్టు రుజువు వచ్చేలా, పదిహేను రోజుల గడువిచ్చి నోటీసు పంపండి. ఫోన్ మార్చే ఆలోచన ఉంటే ఆపండి: అసలు మెసేజ్ ఉన్న ఫోన్‌నే భద్రపరచి, ఆ ధ్వనిని రాతలో పెట్టి, సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువపత్రంతో జతచేయించండి. పదహారో రోజున జవాబు వచ్చినా రాకపోయినా ఫిర్యాదు దాఖలు చేయండి.