ఒకే తూనికరాయి: ఒక యువ అధ్యాపకురాలికి లేఖ

గుంటూరు, బ్రాడీపేట

ప్రభువునందు ప్రియమైన అమ్మాయికి,

వందనములు. విజయవాడ నుంచి నీవు పంపిన వ్యాసం అందింది. విశ్వాసాన్ని పరిశోధనలోనూ పాఠంలోనూ ఎలా నిలుపుకోవాలని అడిగావు. వ్యాసం చివర చేర్చిన బైబిలు వాక్యాలలో కంటే, మధ్యలో నీవు రాయకుండా వదిలేసిన సంగతులలోనే ఆ ప్రశ్నకు సమాధానం ఉందని నాకు తోచింది కనుక, వాటి గురించే రాస్తున్నాను.

"చీకటిలో మగ్గుతున్న గుంటూరుకు మిషనరీలు వెలుగు తెచ్చారు" అని మొదలుపెట్టావు. ఆదివారం ప్రసంగంలో ఈ మాటకు ఎవరూ ఆధారం అడగరు. చరిత్ర వ్యాసంలో అడుగుతారు, అడగాలి కూడా. అమెరికా లూథరన్ మిషనరీ హెయ్యర్ అయ్యగారు 1842లో గుంటూరు చేరినప్పుడు ఆయనకు ఆశ్రయమిచ్చి పనికి అండగా నిలిచినవాడు కలెక్టరు హెన్రీ స్టోక్స్. 1832-33 నాటి నందన కరువు ఈ జిల్లాను ఊడ్చిపెట్టి అప్పటికి పదేళ్లే అయింది. ఆ కరువులోనూ పన్నుల కోసం పట్టుబట్టిన కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) సర్కారుకు ప్రతినిధే ఆ కలెక్టరు. ఈ రెండు విషయాలూ ఒకే పేరాలో పక్కపక్కన కూర్చోవాలి. అలాగే 1883లో అదే మిషన్ తరఫున వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ చదివింది వైద్యమైనా, మిషన్ పెద్దలు ఆమెను మొదట పంపింది స్త్రీలకు చదువు చెప్పే పనికి. ఆమె ఆసుపత్రి 1898లో గానీ తెరుచుకోలేదు. నీ వ్యాసంలో ఆసుపత్రి ఉంది, మధ్యనున్న ఆ పదిహేనేళ్లు లేవు. అవి చేరిస్తే ఆమె మరింత పెద్ద మనిషిగా కనిపిస్తుంది, మిషన్ కాస్త చిన్నదవుతుంది. ఫరవాలేదు.

సంచిలో రెండు రకాల తూనికరాళ్లు పెట్టుకోవద్దని ద్వితీయోపదేశకాండము వర్తకులకు చెప్పింది. పరిశోధకులకు అంతకంటే తగిన ఆజ్ఞ నాకు తెలియదు. నీ రెండవ భాగంలో ఒక దేవాలయ దానశాసనాన్ని ఎవరు వేయించారు, ఎందుకు వేయించారు, ఎవరికి లాభం అని చక్కగా నిలదీశావు. తర్వాతి పుటలోనే మిషన్ వార్షిక నివేదికను అక్షరం పొల్లుపోకుండా నమ్మేశావు. సముద్రాల అవతల చందాలిచ్చే సంఘాలు చదువుతాయని తెలిసి రాసిన నివేదిక అది; దానినీ ఆ మూడు ప్రశ్నలే అడగాలి. నిలబడినంత మేరకు రాయి, నిలబడనిది కొట్టివెయ్యి.

దీనికంటే కష్టమైనది నీవు చేయదలచిన పల్లెల సర్వే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు గానీ క్రైస్తవులకు విస్తరించలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన దళితులు బీసీ-సీ జాబితాలో, అంటే వెనుకబడిన తరగతుల 'సి' వర్గంలో ఉన్నారు. కనుక ఆదివారం గుడిలో పాట ఎత్తుకునే మనిషి, షెడ్యూల్డు కులం హోదా పోకుండా, కాగితాల మీద మరొక మతస్థుడై ఉండవచ్చునని నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఈ నిజాన్ని దాచి రాస్తే పరిశోధన బోలుగా మిగులుతుంది. ఊరి పేరుతో సహా రాస్తే, నిన్ను నమ్మి అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చిన ఇంటి పిల్లవాడి ఉద్యోగానికే ముప్పు రావచ్చు. సత్యమూ పొరుగువానిపట్ల ప్రేమా రెండూ నీ విశ్వాసం అడిగేవే. రెండూ ఇక్కడ ఎదురెదురుగా నిలబడతాయి. నా అభిప్రాయం ఇది: ఈ తేడా ఉన్నదనీ, దానికి కారణమైన చట్టం ఇదనీ మొహమాటం లేకుండా రాయి, ఊరు, ఇంటిపేరు, కుటుంబ వివరాలు మాత్రం నీ నోటుపుస్తకంలో కూడా గుర్తుపట్టేలా ఉంచకు. ఆ పని ప్రశ్నావళి తయారుచేసేటప్పుడే జరగాలి, వ్యాసం పూర్తయ్యాక కాదు.

పాఠం సంగతి. రాజ్యాంగం 28వ అధికరణం మూడవ క్లాజు ప్రకారం, గుర్తింపు గానీ ఎయిడ్ గానీ పొందిన విద్యాసంస్థలో విద్యార్థి ఇష్టం లేకుండా ప్రార్థనలో పాల్గొనమని బలవంతం చేయకూడదు. చట్టం లేకపోయినా నేను అదే చెబుతాను. 1885లో మొదలైన మన ఏ.సి. (ఆంధ్ర క్రిస్టియన్) కాలేజీలో ఒకప్పుడు విశ్వనాథ సత్యనారాయణగారు తెలుగు చెప్పారు. ఆయన నమ్మకాలు కాలేజీవి కావు, కాలేజీవి ఆయనవి కావు. పాఠం మాత్రం జరిగింది. క్రైస్తవ కళాశాల అన్న మాటకు నేను ఇచ్చుకునే అర్థంలో ఇదొక భాగం.

నీ విశ్వాసానికి అసలు పరీక్ష ఇంటర్నల్ మార్కుల దగ్గర వస్తుంది. ఆరాధన అయ్యాక చెప్పులు వెతుక్కుంటూ ఉండగా సంఘపెద్ద ఒకాయన పక్కకు వచ్చి, "మన సంఘం కుర్రాడేనమ్మా, కాస్త చూడు" అంటాడు. ఇరవైకి తొమ్మిది వచ్చిన ఆ పిల్లవాడికి తొమ్మిదే వేసి, మరుసటి వారం ఒక సాయంత్రం కూర్చోబెట్టి అతను తప్పిన రెండు ప్రశ్నలూ చెప్పు. సంఘపెద్ద కొన్నాళ్లు ముఖం చాటేస్తాడు; అది మామూలే. సంఘంలో లేని పిల్లవాడికి కూడా ఆ సాయంత్రం అందుబాటులో ఉండాలి సుమా.

ఇక శైలి. జాషువాగారి 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. క్రీస్తును నమ్మని పండితుడు కూడా పద్యంగా తూచి చూసి ఒప్పుకోవలసిన పద్యం రాశాడాయన. నీ వచనం ఇంకా మన గుడి లోపలి శ్రోతల కోసమే ఉంది. "దేవుని మహాకృప వలన కళాశాల వర్ధిల్లెను" అని నీకు అనిపిస్తే ముందుమాటలో నీ పేరుమీద చెప్పుకో. వ్యాసంలో భూమి ఎవరిచ్చారో, జీతాలు ఎక్కడినుంచి వచ్చాయో, మొదటి తరగతుల్లో ఏ కులాల పిల్లలు కూర్చున్నారో చెప్పు. కృప గురించి పాఠకుడు తానే ఆలోచించుకుంటాడు.

మొదటి భాగం తిరగరాయడానికి తొందరలేదు. ముందు సర్వే ప్రశ్నావళి పంపు. మతం గురించిన ప్రశ్నను ఏ వరుసలో, ఏ మాటలతో పెట్టావో చూడాలి. అది చూసేవరకు పల్లెకు వెళ్లకు.

నీ శ్రేయోభిలాషి