సోలార్ పెట్టే ముందు కరెంటు బిల్లులో స్లాబులు చూడండి

ప్రశ్న: నేను రిటైరైన టీచర్‌ని. హనుమకొండలో మాది సొంత ఇల్లు, కింద ఒక పోర్షన్, పైన ఒక పోర్షన్. అబ్బాయి, కోడలు, ఇద్దరు పిల్లలు మాతోనే ఉంటారు. కరెంటు సగటున నెలకు 400 యూనిట్లు కాలుతోంది, వేసవిలో 550 దాటుతోంది. 5 కిలోవాట్ల సోలార్ పెట్టించుకుంటే బిల్లు జీరో అవుతుందని, 3 లక్షలవుతుందని ఒక ఏజెంటు చెబుతున్నాడు. నా దగ్గర సరిగ్గా 3 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. అది తీసేయమంటారా? మీటరు ఇంకా మా మామగారి పేరు మీదే ఉంది. ఆయన లేరు. పర్యావరణానికి మేలు జరుగుతుందంటే కొంచెం ఎక్కువ ఖర్చు పెట్టడానికైనా సిద్ధమే.

జవాబు: డిపాజిట్ కదపకండి మేడమ్. సోలార్ మాత్రం పెట్టించుకోండి, కానీ 5 కిలోవాట్లు కాదు. దానికంటే ముందు ఇంట్లో ఫ్యాన్లు మార్చండి. ఎందుకో లెక్కతో చెబుతాను, ఒక పాత బిల్లు పక్కన పెట్టుకుని చదవండి.

తెలంగాణలో 2022 నుంచి ఉన్న గృహ టారిఫ్ ప్రకారం నెల వాడకం 200 దాటితే మొదటి 200 యూనిట్లకు యూనిట్ రూ.5.10, ఆపై వందకు రూ.7.70, 301 నుంచి 400 దాకా రూ.9 చొప్పున పడుతుంది. మీ 400 యూనిట్లకు ఇది రూ.2,690. కస్టమర్ చార్జీలు, సుంకం వేరు. అదే 200 యూనిట్లలోపు ఉంటే మొదటి వందకు రూ.3.40, రెండో వందకు రూ.4.80 మాత్రమే. అంటే సరిగ్గా 200 కాల్చిన ఇంటికి రూ.820 వస్తే, 201 కాల్చిన ఇంటికి రూ.1,027.70 వస్తుంది. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల పైమాటే! వంద లోపయితే ఇంకా చౌక: మొదటి 50 యూనిట్లకు రూ.1.95, తర్వాతి 50కి రూ.3.10. మీకు బరువవుతున్నవి పైనున్న ఆ రెండు వందల యూనిట్లే. అవి తగ్గితే చాలు, అడుగున ఉన్నవి అంత భారం కాదు.

ఇప్పుడు ఫ్యాన్ల సంగతి. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్ల దాకా తీసుకుంటుంది. తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 30 వాట్లు సరిపోతాయి. రోజుకు 15 గంటలు తిరిగే ఫ్యాన్ మారిస్తే నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. హాల్లో ఒకటి, పడకగదుల్లో రెండు, ఈ మూడే మార్చండి. మొత్తం తొమ్మిది పది వేలలో అయిపోతుంది, 60 యూనిట్లు తగ్గుతాయి. అరుదుగా వేసే గదుల్లో పాతవే ఉంచండి, అక్కడ డబ్బు తిరిగి రాదు. ఏసీ 24 డిగ్రీల కిందికి దించకుండా, గీజర్ స్నానానికి ముందు పది నిమిషాలు వేసి ఆపేస్తే ఇంకో 20 యూనిట్లు తేలిగ్గా తగ్గుతాయి. 400 కాస్తా 320 అవుతుంది, బిల్లు రూ.1,970కి దిగుతుంది. నెలకు రూ.720 మిగులు. చలికాలంలో ఫ్యాన్లు అంతగా తిరగవు కాబట్టి కొంత తగ్గించుకుని లెక్కేసినా, రెండేళ్లలోపే పెట్టిన డబ్బు వచ్చేస్తుంది.

ఇక సోలార్. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు రూ.30,000, మూడోదానికి రూ.18,000 సబ్సిడీ ఇస్తారు. గరిష్ఠం రూ.78,000, అంతే. 3 పెట్టినా 5 పెట్టినా అదే మొత్తం. ఏజెంటు ఈ మాట మీకు చెప్పి ఉండడు. నాలుగో, అయిదో కిలోవాట్లు పూర్తిగా మీ సొమ్ముతోనే కొనాలి.

ఒక కిలోవాట్‌కు రోజుకు సుమారు 4 యూనిట్లు వస్తాయి. మబ్బు పట్టిన రోజుల్లో తగ్గినా, ఏడాది సగటు అలాగే వేసుకోవచ్చు. 2 కిలోవాట్లంటే నెలకు 240 యూనిట్లు. మీ 320లో అవి పోగా 80 మిగులుతాయి, వాటి చార్జీ రూ.190. అంటే రూ.1,970 బిల్లులో రూ.1,780 తగ్గింది. మూడో కిలోవాట్ కూడా పెట్టారనుకోండి, అది ఇంక మిగల్చగలిగేది ఆ రూ.190 మాత్రమే. దానికి సబ్సిడీ పోను మీ చేతి నుంచి దాదాపు రూ.40,000 అవుతుంది. ఇక నాలుగు, అయిదు కిలోవాట్లు చేసే కరెంటు గ్రిడ్‌కు పోతుంది. దానికి డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, ఇచ్చే ధర, మనం పై స్లాబులో కట్టే ధర కంటే బాగా తక్కువ.

ఒక్క వేసవి విషయంలోనే ఆలోచించాలి. ఫ్యాన్లు మార్చాక ఏప్రిల్, మే నెలల్లో 440లోపు ఉంటే 2 కిలోవాట్లు చాలు. అది దాటితే మిగిలేది 200 గీత దగ్గర తచ్చాడుతుంది కాబట్టి, మీరు 3 పెట్టించుకున్నా నేను కాదనను. ఎలక్ట్రిక్ స్కూటర్ కొనే ఆలోచన ఉన్నా అంతే. పథకం గడువు 2026-27 ఆర్థిక సంవత్సరం వరకు ఉంది, మరీ వాయిదా వేయకండి.

డబ్బు సర్దుబాటు ఇలా చూడండి. 2 కిలోవాట్లకు 1.3 లక్షలు అవుతుందనుకుందాం. సబ్సిడీ ముందే రాదు. ప్యానెళ్లు బిగించి, వచ్చే కరెంటు, పోయే కరెంటు రెండూ లెక్కగట్టే నెట్ మీటర్ పెట్టి, డిస్కం తనిఖీ అయ్యాకే రూ.60,000 దరఖాస్తుదారు ఖాతాలో పడుతుంది. అందాకా మొత్తం డబ్బు మీరే పెట్టాలి. ఈ పథకానికి ప్రభుత్వ బ్యాంకులు 3 కిలోవాట్ల దాకా తాకట్టు లేకుండా అప్పిస్తున్నాయి. వడ్డీ రెపో రేటుతో, అంటే రిజర్వ్ బ్యాంకు ఇతర బ్యాంకులకు అప్పిచ్చే రేటుతో ముడిపడి ఉంటుంది, మొదలైనప్పుడు 7 శాతం దగ్గర ఉంది. మీ డిపాజిట్ మీద వచ్చే వడ్డీకి ఇది పెద్ద తేడా కాదు. పైగా ఆరుగురున్న ఇంట్లో ఆసుపత్రి ఖర్చు అంటూ వస్తే మీకున్న ఆధారం ఆ 3 లక్షలే. అప్పు తీసుకోండి. సబ్సిడీ పడిన రోజే రూ.60,000 అప్పుకు కట్టేయండి. మిగతాది, ఫ్యాన్లు, సోలార్ కలిపి బిల్లులో మిగిలే నెలకు రూ.2,500తో కడుతూ పోతే సుమారు రెండున్నరేళ్లలో తీరిపోతుంది. గోల్డ్ లోను, పర్సనల్ లోను జోలికి మాత్రం వెళ్లకండి.

అన్నింటికంటే ముందు మీటరు పేరు మార్పించండి. దరఖాస్తుదారు పేరు, కరెంటు కనెక్షన్ పేరు ఒకటి కాకపోతే ఫైలు అక్కడే ఆగిపోతుంది. ఇంటి కాగితాలు, మామగారి మరణ ధ్రువపత్రం, వారసుల పత్రాలు పట్టుకుని మీ డిస్కం ఎన్‌పీడీసీఎల్ కస్టమర్ సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి. అప్పు అబ్బాయి జీతం మీద తీసుకునేటట్లయితే మీటరు కూడా అతని పేరుకే మార్పించడం మంచిది.

కోటేషన్ తీసుకునేటప్పుడు ప్యానెళ్లు డీసీఆర్ రకమేనా, అంటే సెల్స్ కూడా మన దేశంలో తయారైనవేనా అని రాయించుకోండి. కాకపోతే సబ్సిడీ రాదు. వెండర్ పేరు పథకం పోర్టల్‌లో ఉండాలి. డాబా మీద 200 చదరపు అడుగుల చోటు కావాలి. నీళ్ల ట్యాంకు నీడ, పక్కింటి కొబ్బరి చెట్టు నీడ పడకుండా ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం మీరే పైకెక్కి చూడండి. ఒక మూల నీడ పడినా ఉత్పత్తి బాగా తగ్గుతుంది. కోతులు వచ్చే వీధయితే ఆ సంగతి ముందే చెప్పి స్టాండు గట్టిగా వేయించండి. ప్యానెళ్లను తెల్లవారుజామున, అవి చల్లగా ఉన్నప్పుడే కడగాలి. బోరు నీళ్లు ఆరితే తెల్లటి మచ్చలు కడతాయి, నల్లా నీళ్లు వాడి గుడ్డతో తుడవండి. ఇంకో మాట, బ్యాటరీ లేని ఈ సోలార్ కరెంటు పోయినప్పుడు పనిచేయదు. లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా చేసిన ఏర్పాటు అది.

పర్యావరణం గురించి అడిగారు, సంతోషం. మన గ్రిడ్‌లో ఒక్కో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. మీ 2 కిలోవాట్లు ఏడాదికి చేసే 2,880 యూనిట్లకు అది దాదాపు 2 టన్నులు. భూపాలపల్లి జిల్లా చెల్పూరు థర్మల్ కేంద్రంలో కాలే బొగ్గు మీకు దూరమేమీ కాదు, కాబట్టి ఇది ఉట్టి లెక్క కాదు. అయితే ఇందుకోసం ఎక్కువ ఖర్చు పెట్టక్కర్లేదు. మీ ఇంటి వరకు తక్కువ ఖర్చు దారిలోనే ఈ మేలూ ఉంది. ప్యానెళ్లు పోను మిగిలిన డాబాకు తెల్ల సున్నమో కూల్ పెయింటో వేయించండి, పైపోర్షన్‌లో వేడి తగ్గి ఏసీ ఆలస్యంగా వేస్తారు.

అప్పు తీరాక ఆ 2,500లో 500 రికరింగ్ డిపాజిట్‌లో వేస్తూ ఉండండి. ప్యానెళ్లకు 25 ఏళ్ల వారంటీ ఇస్తారు కానీ ఇన్వర్టర్‌కు అంత ఉండదు. మధ్యలో ఒకసారి మార్చాల్సి వస్తుంది, ఆ ఖర్చు ఇందులోంచి వెళ్తుంది.