వసతి గృహంలో యోగా: వేళే ముఖ్యం

ప్రశ్న: నేను విజయవాడలో పదేళ్లుగా యోగా నేర్పుతున్నాను. మా ఇంటికి దగ్గరలో ఉన్న నిరాశ్రయుల వసతి గృహంలో ఉచితంగా నేర్పాలని రెండు వారాలుగా ఉదయం 6 గంటలకు వెళ్తున్నాను. మొదటి రోజు 12 మంది వచ్చారు, ఇప్పుడు ఇద్దరే వస్తున్నారు. శవాసనం వేయించినప్పుడు ఒక పెద్దాయన కళ్లు మూసుకోలేక లేచి వెళ్లిపోయారు. ఇక మానుకోవాలా?
— ఒక పాఠకురాలు

జవాబు: మానుకోవద్దమ్మా, వేళ మార్చండి. ఇలాంటి గృహాల్లో తలదాచుకునేవారిలో రోజు కూలీలు చాలామంది ఉంటారు. తెల్లవారేసరికి అడ్డా మీద నిలబడకపోతే వారికి ఆ రోజు కూలి పోతుంది. మీ తరగతికి రాకపోవడాన్ని యోగా మీద అయిష్టంగా భావించకండి. ఈ గృహాలు ఏడాది పొడవునా, 24 గంటలూ తెరిచి ఉండాలని కేంద్ర ప్రభుత్వం జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ నిబంధనల్లో పెట్టింది కాబట్టి, నిర్వాహకులతో మాట్లాడి సాయంత్రం, రాత్రి భోజనానికి ముందు అరగంట అడగండి. అయితే మధ్యాహ్నం ఏమైనా తిన్నారో లేదో ముందుగా కనుక్కోండి. ఖాళీ కడుపుతో, రోజంతా ఇటుకలు మోసి వచ్చిన మనిషితో సూర్యనమస్కారాలు చేయించడం నాకు న్యాయంగా తోచదు. అరికాళ్లు, పిక్కలు, నడుము, మెడ సడలించే కదలికలు, నెమ్మదిగా తీసుకునే శ్వాస చాలు. అదే నిబంధనల్లో మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటు ఉండాలని పెట్టారు. అందులోనే పడక కూడా ఉంటుంది గనుక, మంచం అంచున కూర్చుని చేయగలిగినవే ఎంచుకోండి. రక్తపోటు, గుండె జబ్బు, హెర్నియా ఉన్నదీ లేనిదీ చాలామందికి తెలిసే అవకాశం ఉండదు, కాబట్టి కపాలభాతి (పొట్టను లోపలికి లాగుతూ వేగంగా శ్వాస వదలడం), కుంభకం (శ్వాస బిగబట్టడం), తలకిందుల ఆసనాలు అసలు పెట్టుకోవద్దు. వచ్చేవారిలో అన్ని మతాలవారూ ఉంటారు గనుక ప్రార్థనతో మొదలుపెట్టాల్సిన అవసరమూ లేదు.

ఇక కళ్లు మూసుకోలేకపోయిన ఆ పెద్దాయన సంగతి. ఫుట్‌పాత్ మీద పడుకునే మనిషి సంచి పోతుందేమో, ఎవరైనా లేపి తరిమేస్తారేమో అన్న భయంతో ఏళ్ల తరబడి సగం మెలకువతోనే నిద్రపోతాడు. అలాంటి మనిషిని కొత్తవారి మధ్య వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకోమనడం మనం ఊహించినంత చిన్న కోరిక కాదు. కళ్లు తెరిచి ఉంచుకోవచ్చని మొదటే చెప్పండి, దీపాలు ఆర్పకండి, సంచి తల కింద పెట్టుకోనివ్వండి. భంగిమ సరిచేయడానికి ఎవరినీ, ముఖ్యంగా స్త్రీలను, అడగకుండా తాకవద్దు. ఫొటోలు అసలే తీయవద్దు. ఆ పెద్దాయన మళ్లీ వస్తే గోడకు ఆనుకుని, గుమ్మం కనిపించే చోట కూర్చోనివ్వండి.