సెటిల్‌మెంట్‌కు ఒప్పుకోకండి, చిట్టీ పాడండి

ప్రశ్న: నాకు 35 ఏళ్లు. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. చేతికి నెలకు 68 వేలు వస్తాయి. రెండేళ్ల కిందట నాన్నకు ఆపరేషన్ అయింది, ఆ వెంటనే చెల్లి పెళ్లి. దారి లేక మూడు క్రెడిట్ కార్డులూ పూర్తిగా వాడేశాను. మొదటి కార్డులో 1.50 లక్షల లిమిట్‌కు 1.42 లక్షలు, రెండో దాంట్లో 1.20 లక్షలకు 1.10 లక్షలు, మూడో దాంట్లో 80 వేలకు 68 వేలు బాకీ ఉన్నాయి. ఏడాదిన్నరగా మినిమం డ్యూ కడుతున్నా బాకీ తగ్గడం లేదు. రెండో కార్డుకు గత రెండు బిల్లులూ కట్టలేకపోయాను. ఒకేసారి 60 వేలు కడితే సెటిల్ చేస్తామని ఏజెంటు రోజూ ఫోన్ చేస్తున్నాడు. సిబిల్ స్కోరు 770 నుంచి 638కి పడిపోయింది. ఇంకో ఏడాదిన్నరలో హోమ్ లోన్ తీసుకోవాలనుకుంటున్నాం. 2 లక్షల చిట్టీ ఒకటి ఉంది, 20 నెలలకు 8 నెలలు కట్టాను, ఇంకా పాడలేదు. మా ఆవిడ తన బంగారం తాకట్టు పెడదామంటోంది, నాకే మనసు ఒప్పడం లేదు. అన్ని కార్డులూ తీర్చడానికి పర్సనల్ లోన్ తీసుకోమంటారా? స్కోరు మళ్లీ ఎప్పటికి లేస్తుంది?

జవాబు: ముందు ఒక్క మాట. రేపు ఆ ఏజెంటు ఫోన్ చేస్తే సెటిల్‌మెంట్‌కు సరే అనకండి. ఫోన్‌లో కనిపించే లోన్ యాప్‌లలో పర్సనల్ లోన్‌కు దరఖాస్తు చేయకండి. మీ శ్రీమతి గారు చెప్పిందే సరైన దారి. దానికి చిట్టీ తోడైతే మీరు ఈ అప్పులోంచి ఏడాదిలో బయటపడతారు. లెక్క వేసి చూశాకే ఈ మాట అంటున్నాను.

అప్పులు ఎంత సరిగ్గా కడుతున్నారో చెప్పే అంకే ఈ స్కోరు. మీది రెండు కారణాలతో పడింది. ఆ రెండూ ఒకేలా కోలుకోవు. మొదటిది వాడకం. మూడు కార్డుల లిమిట్ కలిపి 3.50 లక్షలు, బాకీ 3.20 లక్షలు, అంటే 91 శాతం. ఇది 30 శాతం లోపు ఉంటే మంచిదని అందరూ చెప్పే లెక్క. ఇది త్వరగా కోలుకునే భాగం. బాకీ తగ్గినట్టు బ్యాంకు నుంచి సిబిల్ లాంటి సంస్థలకు సమాచారం వెళ్లగానే స్కోరులో ఆ మేరకు భారం తగ్గుతుంది. 2025 జనవరి నుంచి బ్యాంకులు ఈ సమాచారాన్ని నెలకు రెండుసార్లు పంపాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది కాబట్టి ఇదివరకటిలా ఎక్కువ రోజులు ఎదురు చూడక్కర్లేదు.

రెండోది ఆలస్యం. రెండో కార్డులో కట్టని ఆ రెండు బిల్లులు ఇంత తొందరగా పోవు. ఆ సంస్థలు ఇచ్చే క్రెడిట్ రిపోర్టులో ప్రతి ఖాతా కింద నెలనెలా ఎన్ని రోజులు ఆలస్యమైందో చూపే గడులుంటాయి. సమయానికి కట్టిన నెలకు 000 అని ఉంటుంది, ఆలస్యమైతే ఎన్ని రోజులైతే అంత అంకె. మూడేళ్ల చరిత్ర అక్కడ కనిపిస్తుంది. అయితే కొత్త నెలలు 000 పడుతూ పోయేకొద్దీ పాత మచ్చల బరువు తగ్గుతుంది. అందుకే ఈ నెలలోనే ఆ అంకె పెరగకుండా ఆపాలి. 90 రోజులు దాటితే బ్యాంకు మీ ఖాతాను మొండి బకాయిగా లెక్కిస్తుంది, హోమ్ లోన్ ఇచ్చే అధికారి కళ్లు ముందు పడేది అక్కడే. మీరు ఇంకా ఆ గీత దాటలేదు. అందుకే ఇంత కంగారు పెడుతున్నాను.

ఏడాదిన్నరగా కడుతున్నా బాకీ ఎందుకు తగ్గలేదో చూడండి. కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం అనుకుందాం. 3.20 లక్షల మీద నెల వడ్డీ 11,200 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ 2,016. మొత్తం 13,216. మినిమం డ్యూ 5 శాతం చొప్పున మీరు కట్టేది 16,000. అంటే 16 వేలు కడితే అసలులో తగ్గేది 2,784 రూపాయలు! ఆ నెల కిరాణా, పెట్రోలు మళ్లీ అదే కార్డు మీద పడితే ఆ తగ్గింది కూడా మిగలదు. పైగా పాత బాకీ ఉన్న కార్డు మీద కొత్తగా కొన్నదానికి వడ్డీ లేని గడువు ఉండదు, కార్డు గీకిన రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. స్టేట్‌మెంట్‌లో టోటల్ డ్యూ పక్కనే మినిమం డ్యూ కనిపిస్తే అది కట్టేస్తే చాలనుకుంటారు. మినిమం కడితే ఆలస్యం మచ్చ మాత్రమే తప్పుతుంది. వడ్డీ తప్పదు. ఏడాదికి 42 శాతం వడ్డీ ఏమిటని మీకు అనిపించవచ్చు. కార్డు వడ్డీ 30 శాతం దాటకూడదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన తీర్పును 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. అందుకని చట్టం వైపు నుంచి మీకు దొరికే ఊరట ఏమీ లేదు. అప్పును తక్కువ వడ్డీలోకి మార్చుకోవడమే దారి.

ఇక బంగారం. తాకట్టు అనగానే మన ఇళ్లలో పరువు పోయినట్టు బాధపడతారు. మీ బాధ నాకు అర్థమవుతుంది, కానీ లెక్క చూడండి. గోల్డ్ లోన్‌కు మీ 638 స్కోరు పెద్ద అడ్డు కాదు, ఎందుకంటే హామీ ఎదురుగా ఉంటుంది. మీ జీతం పడే బ్యాంకులోనే 1.50 లక్షలు తీసుకోండి. వడ్డీ ఏడాదికి 10 శాతం అనుకుంటే నెలకు 1,250. ఆ డబ్బుతో మొదట రెండో కార్డు బాకీ 1.10 లక్షలు మొత్తం కట్టేయండి. మిగిలిన 40 వేలు మొదటి కార్డుకు కట్టండి. ఇప్పుడు కార్డుల మీద 1.70 లక్షలే ఉంటాయి. వాటి వడ్డీ, జీఎస్టీ కలిపి నెలకు 7,021. గోల్డ్ లోన్ వడ్డీ కలిపినా నెలకు దాదాపు 5 వేలు మిగులుతాయి. వాడకం 91 శాతం నుంచి 49 శాతానికి దిగుతుంది. లోన్ తీసుకునేటప్పుడు మధ్యలో కొంత కొంత అసలు కట్టే వీలుందో లేదో అడిగి తెలుసుకోండి. ఆ వీలు లేనిది వద్దు. ఇది కూడా రిపోర్టులోకి ఎక్కే అప్పే. గడువు దాటితే నగలు వేలానికి పోతాయి, కాబట్టి గడువు తేదీని ఇద్దరూ ఫోన్‌లో పెట్టుకోండి.

చిట్టీ సంగతికి వద్దాం. చాలామంది చిట్టీని చివరిదాకా ఉంచితే లాభమని ఆగుతారు. అప్పు లేనివాళ్లకు అది నిజమే. మీకు కాదు. వచ్చే పాటలో 35 వేలు పోగొట్టుకుని పాడారనుకోండి, చేతికి 1.65 లక్షలు వస్తాయి. చివరి నెలదాకా ఆగితే 5 శాతం కమీషన్ పోను 1.90 లక్షలు వచ్చేవి. అంటే ఇప్పుడు పాడితే నష్టం 25 వేలు. మీ 1.70 లక్షల కార్డు బాకీ మీద నాలుగు నెలల వడ్డీ, జీఎస్టీ కలిపి 28 వేలు! చిట్టీ ఇంకా 12 నెలలు మిగిలి ఉంది. ఆగడంలో ఏ లాభం ఉందో మీరే చెప్పండి. మిగిలిన వాయిదాలు ఎలాగూ ఇప్పటికే మీ నెల ఖర్చులో ఉన్నాయి కాబట్టి కొత్త భారం పడదు.

పాట మీకు వచ్చినా డబ్బు మర్నాడే చేతికి రాదు. జామీను ఉండేవాళ్ల జీతం సర్టిఫికెట్లు, సంతకాలు, మీ కాగితాలు అన్నీ సరిచూశాకే ఇస్తారు. అందుకే ఈ నెలే ఇద్దరు ముగ్గురు ఉద్యోగస్తులైన దగ్గరివాళ్లతో మాట్లాడి పెట్టుకోండి. మీది రిజిస్టరైన చిట్టీయే అనుకుని ఇదంతా చెబుతున్నాను. తెలిసినవాళ్లు ఇంట్లో నడిపే చిట్టీ అయితే మరీ త్వరగా పాడి డబ్బు బయటకు తెచ్చుకోండి.

ఆ 1.65 లక్షలు రాగానే మిగిలిన రెండు కార్డులకూ కట్టేయండి, కొద్దిగా తక్కువ పడితే జీతంలోంచి సర్దండి. అక్కడితో కార్డుల బాకీ సున్నా. ఇన్నాళ్లూ మినిమం డ్యూలకు పోయిన 16 వేలు అలాగే నెలనెలా గోల్డ్ లోన్‌కు మళ్లించండి. పది, పదకొండు నెలల్లో బంగారం ఇంటికి వస్తుంది. ఒకవేళ మొదటి రెండు పాటల్లో మీకు చిట్టీ రాకపోతే, బ్యాంకుకు ఫోన్ చేసి మిగిలిన బాకీని ఈఎంఐలుగా మార్చమని అడగండి. ఆ వడ్డీ కార్డు వడ్డీలో సగం కన్నా తక్కువ ఉండొచ్చు. అయితే బాకీ తీరేదాకా లిమిట్ అంతమేరకు బిగుసుకుపోయే ఉంటుంది, స్కోరుకు వెంటనే మేలు జరగదు. అందుకే దాన్ని రెండో దారిగా చెబుతున్నాను.

ఇక సెటిల్‌మెంట్. 1.10 లక్షలకు 60 వేలు కడితే 50 వేలు మిగిలినట్టు కనిపిస్తుంది. కానీ ఖాతా మీద క్లోజ్డ్ అని కాకుండా సెటిల్డ్ అని పడుతుంది, అది ఏళ్ల తరబడి రిపోర్టులో ఉంటుంది. బ్యాంకు దాన్ని మీరు మొత్తం కట్టలేదనే అర్థం చేసుకుంటుంది. హోమ్ లోన్ చాలా చోట్ల అక్కడే ఆగిపోతుంది. ఎవరైనా ఇచ్చినా వడ్డీ ఎక్కువ వేస్తారు. 40 లక్షలు 20 ఏళ్లకు 8.5 శాతం మీద తీసుకుంటే ఈఎంఐ 34,713 రూపాయలు. 9 శాతమైతే 35,989. అర శాతం తేడాకే మొత్తం మీద 3 లక్షలు పైన అవుతుంది. ఇప్పుడు మిగిలే 50 వేలకు ఆశపడితే పోయేది ఇంత. ఉద్యోగం పోయినవాళ్లకు, ఇంట్లో పెద్ద జబ్బు వచ్చి ఏ ఆధారమూ లేనివాళ్లకు సెటిల్‌మెంట్ తప్పు కాదు, వాళ్లకు నేనే చెప్పి చేయిస్తాను. మీకు జీతం ఉంది, బంగారం ఉంది, చిట్టీ ఉంది.

ఏజెంటుతో మర్యాదగా, ఫలానా తేదీకి పూర్తి బాకీ కడుతున్నానని చెప్పండి. డబ్బు అతని చేతికి, అతని యూపీఐకి పంపకండి. బ్యాంకు యాప్‌లోంచే కట్టి, బాకీ ఏమీ లేదని చెప్పే నో డ్యూస్ లెటర్ ఈమెయిల్‌లో తెప్పించుకోండి. బకాయి కోసం ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. ఇంట్లోవాళ్లను బెదిరించడం, అవమానించడం అసలే కుదరదు. అలా జరిగితే తేదీ, టైము రాసుకుని బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే ఇలాంటి ఫిర్యాదులు చూసే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లొచ్చు, దానికి ఫీజు లేదు.

ఈ వారంలోనే సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ నాలుగింటి రిపోర్టులూ తీయండి. ఒక్కో సంస్థ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు, ఆ భయం వద్దు. ఎప్పుడో తీర్చేసిన చిన్న యాప్ లోన్ ఇంకా బాకీ ఉన్నట్టు కనిపించడం నేను తరచుగా చూసే తప్పు. అలాంటిది ఉంటే ఆ రిపోర్టు ఇచ్చిన సంస్థ వెబ్‌సైట్‌లోనే డిస్ప్యూట్, అంటే తప్పు సరిచేయమని ఫిర్యాదు, పెట్టండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి, 2024 ఏప్రిల్ నుంచి ఈ నిబంధన ఉంది. కానీ నిజంగా ఆలస్యమైన ఆ రెండు నెలలను ఎవరూ చెరిపేయలేరు. పదిహేను రోజుల్లో 800 స్కోరు తెప్పిస్తామని 10 వేలు, 15 వేలు తీసుకునేవాళ్లు చేసేది మోసం. మీ ఆధార్, ఓటీపీలు వాళ్ల చేతిలో పెట్టకండి.

పర్సనల్ లోన్ ఎందుకు వద్దన్నానంటే, 638 స్కోరుతో మంచి వడ్డీకి దొరకదు. నాలుగు చోట్ల అడిగితే, అప్పు ఇచ్చేవాళ్లు మీ రిపోర్టు తీసి చూసినట్టు నాలుగు ఎంక్వైరీలు అందులో పడతాయి. అప్పు కోసం తిరుగుతున్నాడన్న ముద్ర పడి స్కోరు ఇంకా కిందికి జారుతుంది.

బాకీలు తీరాక కోపంతో మూడు కార్డులూ ఒకేసారి రద్దు చేయకండి. పాత కార్డు ఉంచుకుంటే లిమిట్ పెద్దగా ఉంటుంది, వాడకం శాతం తక్కువగా కనిపిస్తుంది. చేయి ఆగదని అనుమానం ఉంటే యాప్‌లో ఆన్‌లైన్ వాడకాన్ని ఆపేసి పెట్టండి. ఒక్క కార్డుకు మాత్రం కరెంటు బిల్లు, ఫోన్ బిల్లు కట్టి, టోటల్ డ్యూ మొత్తం ఆటోపేలో పెట్టండి. ఆటోపే పెట్టేటప్పుడు మినిమం అనేదే ముందు ఎంచి ఉందేమో ఒకసారి చూసుకోండి, చాలామంది అక్కడే పొరపడతారు. ఎప్పుడైనా గడువు రోజు మర్చిపోతే మర్నాడే కట్టేయండి. గడువు దాటిన మూడు రోజుల తర్వాతే బ్యాంకు దాన్ని ఆలస్యంగా రిపోర్టు చేయాలి.

స్కోరు ఎప్పటికి లేస్తుందన్నారు. కార్డులు సున్నా అయిన ఒకటి రెండు నెలల్లోనే మంచి మార్పు కనిపిస్తుంది. ఆ తర్వాత నెమ్మదిగా పెరుగుతుంది, ఎంత పెరుగుతుందని ఎవరూ అంకె చెప్పలేరు. బంగారం విడిపించి, వరసగా ఏడాది పాటు 000 గడులు పడ్డాక హోమ్ లోన్‌కు వెళ్లండి. దరఖాస్తుకు నెల ముందు రిపోర్టు మళ్లీ తీయండి, గోల్డ్ లోన్ క్లోజ్డ్ అని పడిందో లేదో చూడండి. మీ శ్రీమతి గారికి కూడా సంపాదన ఉండి కో-అప్లికెంట్‌గా చేరితే ఆవిడ స్కోరు కూడా చూస్తారు, కాబట్టి ఆవిడ పేరు మీద ఈలోపు ఏ వాయిదాల కొనుగోలూ పెట్టకండి. మీ జీతం పడే బ్యాంకుతో మొదలుపెట్టి ఒక్కచోటే అడగండి. ఆ రెండు నెలల ఆలస్యం గురించి అధికారి అడిగితే నాన్నగారి ఆపరేషన్ కాగితాలు, మూడు కార్డుల నో డ్యూస్ లెటర్లు ఆయన ముందు పెట్టండి.