చిక్కన వేరు, గట్టి వేరు, మందం వేరు

ప్రశ్న: వంటల వీడియోల్లో ‘మందపాటి గ్రేవీ’ అంటున్నారు. మా ఇంట్లో ‘చిక్కటి పులుసు’ అంటాం. ఏది సరైనది?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ ఇంటి మాటే సరైనది. అట్ట, గోడ, రొట్టె, దుప్పటి మందంగా ఉంటాయి. గిన్నెలో పోసుకునేది మందంగా ఉండదు. ఇంగ్లీషులో అన్నిటికీ ‘థిక్’ ఒక్కటే మాట కాబట్టి, అనువాదంలో మందం పులుసులోకి కూడా వచ్చి పడింది.

చిక్కన అంటే నీళ్ళు తక్కువ, సరుకు ఎక్కువ. నిమ్మకాయంత చింతపండు ఒక గ్లాసు నీళ్ళలో పిసికితే చిక్కటి రసం. అదే మూడు గ్లాసుల్లో పిసికితే చారుకు సరిపోయే పలచటి రసం. గట్టి సంగతి వేరు. గిన్నె వంచి చూడండి: చిక్కటిది నెమ్మదిగానైనా జారుతుంది, గట్టిది కదలదు. అందుకే పెరుగు గట్టిగా తోడుకుంటుంది. దాన్నే చిలికి కాసిని నీళ్ళు పోస్తే చిక్కటి మజ్జిగ. పిండి దగ్గరికొస్తే ‘జారు’ అనే ఇంకో మాట ఉంది. దోసెలకు జారుగా ఉండాలి, గారెలకు గట్టిగా ఉండాలి. గారెల పిండి జారైతే చిల్లు నిలవదు, నూనె పీలుస్తుంది.

పులుసు చిక్కబడాలంటే నాలుగు గ్లాసులకు రెండు చెంచాల బియ్యప్పిండి చాలు. అర గ్లాసు చన్నీళ్ళలో కలిపి, పులుసు మరుగుతుండగా కలియబెడుతూ పొయ్యాలి. పొడిపిండి నేరుగా చల్లితే పైపొర వెంటనే ఉడికి, నీళ్ళు లోపలికి పోక ఉండలు కడుతుంది. చల్లారాక ఇంకా చిక్కబడుతుంది కనుక కాస్త పలచగా ఉండగానే దించండి.

ప్రశ్న: చిక్కదనం, సాంద్రత ఒకటేనా?
– ఒక ఉపాధ్యాయుడు, కరీంనగర్

జవాబు: కాదు. ఆముదం నీళ్ళకన్నా ఎంతో చిక్కన, అయినా నీళ్ళమీదే తేలుతుంది. పాఠ్యపుస్తకాల్లోని ‘స్నిగ్ధత’ చిక్కదనానికి దగ్గర మాట. పిల్లలకు పాలతో చూపించండి. మీగడ తీసిన పాలు నాలుకకు పలచగా తగులుతాయి. పాల సాంద్రతను, అంటే ఒకే కొలతకు ఎంత బరువుందో చూపే లాక్టోమీటరు మాత్రం మునుపటికన్నా పైకి తేలుతుంది. కొవ్వు నీటికన్నా తేలిక, అది పోయాక మిగిలిన పాలు బరువెక్కుతాయి. మీగడ తీసి, ఆపైన నీళ్ళు కలిపితే లాక్టోమీటరు మామూలు పాల అంకెనే చూపించవచ్చు. అందుకే ఆ ఒక్క పరికరాన్ని నమ్మకూడదు, కొవ్వు శాతం కూడా చూడాలి. ప్యాకెట్ పాలలో ఫుల్ క్రీమ్ అంటే కనీసం 6 శాతం, టోన్డ్‌లో 3, డబుల్ టోన్డ్‌లో 1.5.

ప్రశ్న: చిక్కటి చీకటి, చిక్కని కథ అంటాం. వీటిలో ద్రవం ఏదీ లేదు కదా? మనిషి ‘చిక్కిపోయాడు’ అంటే సన్నబడ్డాడని అర్థం. ఇదెలా?
– ఒక పాఠకుడు, బళ్ళారి

జవాబు: ద్రవం లేకపోయినా, సందు లేకుండా నిండి ఉండడం ఉంది. చిక్కటి చీకట్లో పక్క మనిషి ఆనడు. చిక్కటి నేతలో పోగుల మధ్య వెలుతురు కనబడదు. చిక్కని కథలో తీసేయదగ్గ వాక్యం ఉండదు. పాఠకుడు రాసేవాడికి ఇచ్చే మెచ్చుకోళ్ళలో నాకు బాగా ఇష్టమైనది ఇదే. ‘పలచన’కు ఇంకో బతుకు కూడా ఉంది: నలుగురిలో పలచనయ్యాడంటే పరువు పోయిందని. అయితే పరువున్నవాణ్ణి చిక్కనివాడని ఎవరూ అనరు.

చిక్కిపోవడంలోని ‘చిక్కు’ క్రియ. దానికి సన్నబడడం, దొరకడం అనే అర్థాలున్నాయి. ‘చిక్కన’ నేరుగా క్రియ కాదు, ‘పడు’ సాయం కావాలి. తేడా పాల దగ్గరే తెలిసిపోతుంది: ‘పాలు చిక్కాయి’ అంటే దొరికాయని, ‘పాలు చిక్కబడ్డాయి’ అంటే పొయ్యిమీద మరిగి నీరు ఇగిరిందని.